ఒక్క స్టిక్కరే ఎర్రబడింది

2025 మార్చి నెల. సముద్రం మీద వచ్చి విశాఖ వైపు పోర్టులో దిగిన ఒక పెద్ద యంత్రాన్ని కూచిపూడి దగ్గరి ఊరికి చేర్చే పని మాకు వచ్చింది. నా ఇల్లు భవానీపురంలో, ఆఫీసు విజయవాడ ఆటోనగర్‌లో. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చాలా ఏళ్ళుగా ఒకటే పని చేస్తున్నాను. మామూలు లారీల్లో పట్టని సరుకుని పోర్టు నుంచి కొన్నవాళ్ళ గుమ్మం దాకా చేర్చడం. దీన్ని మేము ఓడీసీ అంటాం. రోడ్డు నియమాలు ఒప్పుకున్న వెడల్పు, ఎత్తు దాటిన సరుకు అన్నమాట. దానికి నేల బారుగా ఉండే లో-బెడ్ ట్రైలర్ కావాలి, ప్రత్యేక అనుమతులు కావాలి, ముందు జెండా కట్టుకుని వెళ్ళే పైలట్ బండి కావాలి. అన్నిటికంటే ముందు ఎవర్నీ నమ్మని మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని నేనే.

నాది పుట్టుకతో అనుమానపు బుద్ధి. కూరగాయల వాడు తూకం వేస్తుంటే త్రాసు కింద చూస్తాను. "నువ్వు పోలీసుల్లో చేరాల్సిందానివి, పొరపాటున లారీల్లో పడ్డావు," అంటాడు మా ఆయన. ఈ వృత్తిలో మాత్రం ఆ బుద్ధే నాకు అన్నం పెట్టింది. కాలవ వంతెన గట్టిగానే ఉందని ఎవరు చెప్పినా నేను దిగి చూస్తే గాని బండి ఎక్కించను. దారంతా ముందే తిరిగి అలా చూసుకోవడాన్ని రూట్ సర్వే అంటాం. హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ మీదుగా అయితే దగ్గరే గానీ, మలుపులు చూసి వద్దనుకున్నాను. విజయవాడ దాకా వచ్చి మచిలీపట్నం రోడ్డు పట్టమన్నాను.

ఈసారి యంత్రం పేరు ష్రెడర్. పాత చేపల వలలు, రొయ్యల చెరువుల అడుగున పరిచి పారేసిన ప్లాస్టిక్ షీట్లు, తాళ్ళు దాని నోట్లో వేస్తే ముక్కలు చేసి అవతల కక్కుతుంది. ఆ ముక్కల నుంచి మళ్ళీ ప్లాస్టిక్ గుళికలు చేస్తారు. కొన్నది శ్రీధర్ అనే కుర్రాడు. వాళ్ళది వరి, చెరువులు ఉన్న కుటుంబం. కాలవల్లో చెత్తగా తేలే వలలతో వ్యాపారం చేస్తానని పంతం పట్టి, ఊరి బయట షెడ్డు కట్టాడు. రోజూ నాకు ఫోన్ చేసేవాడు. "మేడమ్, మిషన్ దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి. కంపెనీ ఇంజినీరు వచ్చి చూసేదాకా వేలు కూడా పడకూడదు. తేడా వస్తే వారంటీ పోతుందని కంపెనీవాళ్ళు మెయిల్ పెట్టారండీ," అనేవాడు.

ఇలాంటి యంత్రాల మీద పంపినవాళ్ళే షాక్ ఇండికేటర్లు అంటిస్తారు. తెల్లటి చిన్న గొట్టం ఉన్న స్టిక్కర్లు. గట్టి దెబ్బ తగిలిందంటే గొట్టం ఎర్రబడిపోతుంది, మళ్ళీ తెల్లబడదు. పోర్టులో సరుకు తీసుకున్నప్పుడు నాలుగు మూలలా తెల్లగానే ఉన్నాయి. ఫోటోలు నేనే తీశాను. దిగే చోట ఎర్రగా కనిపిస్తే తప్పు దారిదే, అంటే డ్రైవరుదే. అలా ఎర్ర స్టిక్కర్ తెచ్చిన డ్రైవర్ని మా ఆఫీసు మళ్ళీ ఓడీసీ బండి ఎక్కించదు. ఇసుక లారీకో, ఇటుకల లారీకో పంపేస్తుంది.

బండి నడిపింది యాకోబు. మైలవరం మనిషి. నా దగ్గర ఉన్న డ్రైవర్లలో వెనక చక్రాలు ఎక్కడున్నాయో అద్దం చూడకుండా చెప్పగలిగినవాడు అతనొక్కడే. శ్రమదినాలు నడుస్తున్నాయి. ఈస్టర్‌కి ముందు వచ్చే ఆ ఉపవాసపు రోజుల్లో అతను సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. టీ జోలికి అసలే పోడు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

చివరి రోజు పొద్దున కంకిపాడు దాటాక బండిని రోడ్డు పక్కన ఆపించాను. ముందున్న కాలవ వంతెన దగ్గర కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి. లైన్‌మన్ వచ్చాడో లేదో చూడాలి. "నేను ఫోన్ చేసేదాకా ఇక్కణ్ణించి కదలకు," అని యాకోబుకి చెప్పి పైలట్ బండిలో ముందుకి వెళ్ళాను. లైన్‌మన్ రాలేదు. వచ్చేదాకా ఏం చేస్తాం అని ఫోన్‌లో జీపీఎస్ తెరిచాను. చూద్దును కదా, నా ట్రైలర్ రోడ్డు మీద లేదు. కాస్త ముందున్న ఒక రైస్ మిల్లు ఆవరణలోకి పోయి నిలబడి ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది. రైస్ మిల్లులో నా యంత్రానికి ఏం పని? అలాంటి ఖాళీ స్థలాల్లో బండి ఆపించి మోటార్లు, కేబుళ్ళు ఊడదీసి అమ్ముకున్న కథలు ఈ లైన్లో చాలా విన్నాను. వెంటనే ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావు యాకోబూ?"

"టీకి ఆగానండీ మేడమ్," అన్నాడు.

టీకి! శ్రమదినాల్లో! ఫోన్‌లో ఇంకేం అనలేదు గానీ, అతను అబద్ధం చెబుతున్నాడని నాకు ఖాయమైపోయింది. వెనక్కి వెళ్ళేసరికి బండి మళ్ళీ రోడ్డెక్కి బుద్ధిగా నిలబడి ఉంది. యాకోబు నా మొహం చూడకుండా లాషింగ్ గొలుసులు, అదే యంత్రాన్ని ట్రైలర్‌కి బిగించి కట్టేవి, లాగి చూస్తున్నాడు. మోటార్లు, కేబుళ్ళు లెక్క చూశాను. అన్నీ ఉన్నాయి. మూలల స్టిక్కర్లు చూసేలోగానే లైన్‌మన్ వచ్చాడని కబురు రావడంతో బండి కదిలించక తప్పలేదు.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. క్రేను సిద్ధంగా ఉంది. శ్రీధర్, చెన్నై నుంచి వచ్చిన కంపెనీ ఇంజినీరు షెడ్డు ముందే ఉన్నారు. శ్రీధర్ వాళ్ళ నాన్న సాంబశివరావు గారు పంచె కట్టుకుని నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఇంజినీరు యంత్రం చుట్టూ తిరిగి, కుడివైపు ముందు మూల దగ్గర ఆగిపోయాడు.

ఆ మూల స్టిక్కర్ ఎర్రగా ఉంది.

"క్రేను ఆపండి," అన్నాడు ఇంజినీరు. "లోపల గేర్‌బాక్స్ కదిలి ఉంటే నేను సంతకం పెట్టలేను."

శ్రీధర్ మొహం పాలిపోయింది. "అయిపోయింది మేడమ్! ఎన్నిసార్లు చెప్పానండీ మీకు! ఎక్కడ గుద్దాడో అడగండి ఈయన్ని!"

నేను యాకోబు వైపు తిరిగాను. "ఎక్కడ గుద్దావు?"

"నేనెక్కడా గుద్దలేదండీ."

"రైస్ మిల్లు గేటుకా?"

"లేదండీ."

"మరి అందులోకి ఎందుకెళ్ళావు? టీకని మాత్రం చెప్పకు."

అతను తల దించుకున్నాడు. ఇన్నేళ్ళలో అతనితో అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు. "ఈ బండి దిగాక తాళాలు ఆఫీసులో ఇచ్చెయ్," అన్నాను. అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. నాకు కోపంతో పాటు బాధ కూడా వేసింది. అంత మంచి చెయ్యి ఇటుకల లారీకి పోతుందే అని.

అయినా నా బుద్ధి ఒక్కరి మీదే ఆగేది కాదు కదా. బండి గేటుకి గుద్దుకుంటే ఆ పక్క ఉన్న రెండు స్టిక్కర్లూ ఎర్రబడాలి. ఒక్కటే ఎందుకు పడింది? కొంపదీసి శ్రీధరే కొని పశ్చాత్తాపపడి, వెనక్కి పంపడానికి ఏమైనా చేశాడా? ఇంజినీరుకి ఏదైనా లోపం ముందే తెలిసి, దాన్ని దారి మీద నెట్టేద్దామని చూస్తున్నాడా? వాళ్ళు వాదించుకుంటుంటే నేను ట్రైలర్ ఎక్కి ఆ మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను.

యంత్రం అంతా దారిదుమ్ము. ఆ మూల మాత్రం చేటంత మేర ఎవరో గుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచారు. గీత పడితే తుడిచారేమో అని వేలితో తడిమాను. గీత లేదు, రంగు ఎక్కడా లేవలేదు. క్రేను కొక్కెం తగిలించే ఇనుప చెవి ఒకటి అక్కడ ఉంటుంది. స్టిక్కర్ సరిగ్గా దాని పైనే ఉంది. దాని కింద ట్రైలర్ చెక్క మీద ఎండిన మరక. ఆ మరక చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి.

ఇనుము మీద చీమలకేం పని? వంగి చూశాను. చెవికీ గొలుసుకీ మధ్య గోధుమరంగు పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. లాగి వాసన చూశాను. నాకు నవ్వు రాబోయింది, ఆపుకున్నాను.

అక్కణ్ణించే గట్టిగా అడిగాను. "దీని మీద కొబ్బరికాయ కొట్టింది ఎవరండీ?"

యాకోబు కళ్ళెత్తి కుర్చీ వైపు చూసి, చటుక్కున దించేసుకున్నాడు. ఆ చూపు వెంటే నేనూ చూశాను. సాంబశివరావు గారు కండువాతో మెడ తుడుచుకుంటున్నారు.

"నేనేనమ్మా," అన్నారు, నెమ్మదిగా లేచి.

"నాన్నా!" అన్నాడు శ్రీధర్.

"ఏంరా నాన్నా? ట్రాక్టరు కొన్ననాడు కొట్టలేదా, వరికోత మిషనుకి కొట్టలేదా? ఇంత యంత్రం ఇంటికొస్తుంటే ఒట్టి చేతుల్తో దించుకుంటామా? నువ్వేమో పసుపు కూడా పడటానికి వీల్లేదంటివి. ఊళ్ళోకొచ్చేసరికి మంచి ఘడియ దాటిపోతుంది. అందుకని ఆటో మాట్లాడుకుని ఎదురెళ్ళాను. తూర్పుకి తిప్పి నిలబెట్టటానికి రోడ్డు మీద చోటు లేకపోతే ఆ మిల్లులోకి రమ్మన్నాను. మొదటి దెబ్బకి కాయ పగల్లేదమ్మా. అపశకునం అని, రెండోసారి బలంగా కొట్టాను. ఆ కాగితం ముక్క దీనికే ఎర్రబడుద్దని నాకేం తెలుసు? ఏదో బండి గుద్దిందంటున్నారు, మనకెందుకులే అని కూర్చున్నా."

ఆయన యాకోబు దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు. "కుంకం కూడా ఈ అబ్బాయే తుడిచాడమ్మా. మా వాడికి చెప్పనని మాటిచ్చాడు. తాళాలు ఇమ్మన్నా చెప్పలేదు చూడు. ఇంత దూరం వస్తుందనుకోలేదు బాబూ."

ఇంజినీరు అదే చోట కొబ్బరికాయ కొట్టి చూపించమన్నాడు గానీ, శ్రీధర్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. గేర్‌బాక్స్ మూత తెరిచారు, కొలతలు చూశారు, దింపాక ఖాళీగా తిప్పి చూశారు. యంత్రానికి వెంట్రుక వాసి తేడా లేదు. ఇంజినీరు తన రిపోర్టులో ఏం రాయాలో తెలియక చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి 'స్థానిక ఆచారం వల్ల' అని రాశాడు.

సాయంత్రం ఖాళీ ట్రైలర్‌లో యాకోబు పక్కన కూర్చుని తిరిగి వస్తూ అడిగాను. "నాకైనా చెప్పొచ్చు కదయ్యా? తాళాలు ఇచ్చేసేవాడివా?"

"ఇచ్చేసేవాణ్ణేనండీ. పెద్దాయన చేతులు పట్టుకుని అడిగారు. మావాడికి తెలిస్తే నాతో మాట్లాడ్డు అన్నారు." గేరు మార్చాడు. "శ్రమదినాల్లో నాచేత అబద్ధం ఆడించారు, అదే బాధండీ. అయినా మీరు ఏమైందని అడగలేదుగా మేడమ్. ఎక్కడ గుద్దావనే అడిగారు. గుద్దలేదని నిజమే చెప్పాను."

ఉయ్యూరు దాటాక, "తాళాలు నీ దగ్గరే ఉంచుకో," అన్నాను.

ఇప్పుడు మా పైలట్ బండి వెనక సీటు కింద చదునైన నల్లరాయి ఒకటి ఉంటుంది. ఎవరైనా పంచె కట్టుకుని, సంచిలో కాయ పెట్టుకుని ఎదురొస్తే యాకోబే ఆ రాయి తెచ్చి బండి ముందు పెడతాడు. "దీని మీద కొట్టండి బాబాయ్ గారూ, తూర్పుకే తిప్పి ఆపుతాను," అంటాడు. రూట్ సర్వేలో అందుకు చోటు కూడా చూసి పెట్టుకుంటాను. అనుమానం మాత్రం నాకు వీసమంత తగ్గలేదు. త్రాసు కింద ఇప్పటికీ చూస్తాను. కాకపోతే ఎక్కడ స్టిక్కర్ ఎర్రగా కనిపించినా, డ్రైవర్ని పిలిచి మొదట అడిగేది ఒకటే. "ఏమైందయ్యా?" అని.