గోడబల్లి నీతి

ఫొటోగ్రాఫర్ల మధ్య ఆయన పేరు గోడబల్లి. గిట్టనివాళ్లెవరో పెట్టిన పేరు కాదు, స్వయానా బావమరిది పెట్టింది. ఎక్కడికెళ్లినా ఒక మూల చూసుకుని, గోడకి అతుక్కుపోయి, గంటలకొద్దీ నోరు విప్పకుండా ఫొటోలు తీస్తాడు మరి! మనిషిని కదపకూడదు, వస్తువును జరపకూడదు, "ఇటు చూడండి" అని అననే కూడదు. ఉన్నది ఉన్నట్టు తీస్తేనే ఫొటో. ముప్పై ఏళ్లుగా ఈ నీతిని నెత్తిన పెట్టుకుని ఊరేగాడు. అందువల్ల దక్కిందేమిటయ్యా అంటే, వేలకొద్దీ వీపులు. తను చూసినన్ని వీపులు ఏ దర్జీ కూడా చూసి ఉండడని ఆయనే చెప్పుకుని నవ్వుతాడు.

బావమరిదిదీ అదే వృత్తి, దారి వేరు. "కాస్త సర్దుకోండి బాబూ" అంటూ జనాన్ని వెలుతురులోకి జరిపి తీస్తాడు. అందుకని ఈయన కసి తీర్చుకుంటూ వాడికి సర్దుబాబు అని పేరు పెట్టాడు. ఇద్దరూ ఎదురుపడితే అన్నం కంచాల ముందే యుద్ధం.

"నువ్వు తీసేవి ఫొటోలు కావురా, నాటకాలు!"

"నీవి దొంగచూపులు బావా! అడక్కుండా తీయడం ఏం నీతి?"

మధ్యలో నలిగిపోయేది ఆవిడ. ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క. ఆస్పత్రి దుస్తులు కుట్టే కార్ఖానాలో ఇరవై ఆరేళ్లుగా పద్నాలుగో నంబరు మిషన్ ఆవిడది. ఇప్పుడా కార్ఖానా మూతపడుతోంది. చివరి రోజు అయిపోగానే మిషన్లు ఎవరో పట్టుకుపోతారు.

"నా మిషన్ దగ్గర నాదొక మంచి ఫొటో కావాలి. ఇంట్లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లుండి ఏం లాభం? గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా నా మొహం లేదు. నలుగురిలో చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది" అందావిడ.

చివరి రోజు పొద్దున్నే ఇద్దరూ కెమెరాలు తగిలించుకుని వెళ్లారు. పద్నాలుగో నంబరు మెట్ల కింద, చీకటి మూల. సర్దుబాబు ఊరుకుంటాడా? అక్కని లేపి కిటికీ పక్కనున్న మూడో నంబరు ముందు కూర్చోబెట్టాడు. జుట్టుకంటిన నూలుపోగులు దులిపాడు, గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు, తీశాడు. ఫొటో ధగధగలాడిపోయింది.

ఆవిడ చూసి నిట్టూర్చింది. "బాగుందిరా తమ్ముడూ. కానీ ఇది నా మిషన్ కాదు. ఈ మహారాణి ఎవరో నాకు తెలీదు."

గోడబల్లి ఆనందం పట్టలేకపోయాడు. చూశావా అన్నట్టు మీసం దువ్వుకుని, వెళ్లి మెట్ల పక్క గోడకి అతుక్కున్నాడు. సాయంత్రం దాకా కదల్లేదు. కాళ్లు పీకినా, దాహమేసినా నోరు తెరవలేదు. గంట మోగింది, మిషన్లు ఆగిపోయాయి. ఆయన గర్వంగా కెమెరా ఆవిడ చేతికిచ్చాడు. రెండొందల పన్నెండు ఫొటోలు. సూదికింద వేళ్లు, పెడల్ మీద పాదం, మెడ వంపు, వీపు, మళ్లీ వీపు.

"ఏవండీ, ఇందులో నేనేదీ?"

"అదంతా నువ్వే కదే. నిజం అనేది..."

"నిజం సంగతి ఇంటికెళ్లి చెబుదురు గానీ! పొద్దున్నుంచీ మీరెప్పుడు పిలుస్తారా అని చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి పిలిస్తే తిరగనా?"

తాళాలు పట్టుకుని మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు, ఇక బయల్దేరమన్నట్టు. ఇంకో పూట లేదు. గోడబల్లి గోడ వదిలి, మిషన్‌కి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇటు... ఇటు చూడవే."

ఆవిడ చూసింది. సూటిగా, రెప్ప వేయకుండా. అప్పుడర్థమైంది మహానుభావుడికి, ముప్పై ఏళ్లుగా తను నీతి అని చెప్పుకుంటున్న దాంట్లో సగం పిరికితనమేనని. అడిగితే ఎవరు కాదంటారో, తిరిగి చూస్తే ఎలా తట్టుకోవాలో అన్న భయం! ఎలాగో బటన్ నొక్కాడు.

ఫొటో కొంచెం కదిలి, మసగ్గా వచ్చింది.

"ఇంకొకటి తీయి బావా, చెడిపోయింది" అన్నాడు సర్దుబాబు.

"ఏం అక్కర్లేదు, ఇదే నాది" అని ఆవిడ కెమెరా గుండెకి హత్తుకుంది. గుమ్మం దాటుతూ మొగుణ్ణి అడిగింది, "ఇన్నేళ్ల అనుభవం కదా, చెయ్యెందుకు వణికిందండీ?"

"నువ్వు చూశావు కదే" అన్నాడు.