మొగ్గలు తుంచిన చెయ్యి

మా నాన్న చేతి దెబ్బ తినని ప్రాణి మా ఇంట్లో లేదు, ఒక్క ఆ జెముడు మొక్క తప్ప. ఎద్దుల్ని కొట్టేవాడు. అమ్మను కొట్టేవాడు. పెళ్లికాని తమ్ముణ్ని, అంటే మా బాబాయిని, వీధిలో నలుగురి ముందూ కొట్టేవాడు. ఇక నా సంగతి చెప్పేదేముంది! ఆ కోపం నాకూ వచ్చింది. ఇప్పటికీ ఒళ్లు మండితే చేతికందింది విసిరేస్తాను, తర్వాత నేనే ఏరుకుంటాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. 1960 ఇంకా రాలేదు. నల్లరేగడిలో కొంత మిరప, కొంత పత్తి, మిగిలిందంతా పొగాకు. ఒకసారి మిరపకాయలు అమ్మడానికి గుంటూరు వెళ్లిన నాన్న, బ్రాడీపేటలో ఒక డాక్టరు గారింట్లో అడిగి ఆ జెముడు ఆకు ఒకటి తెచ్చుకున్నాడు. జానెడు పొడవు, ముళ్లుండవు, అంచుల్లో గంట్లుంటాయి. వెంటనే నాటలేదు. తెగిన చోట పచ్చి ఆరాలని వారం రోజులు నీడన పెట్టాడు. కిరసనాయిలు డబ్బాకు అడుగున బెజ్జాలు కొట్టి, గుండ్లకమ్మ ఏటి ఇసుక, మాగిన వేపాకు, పాత పేడ ఎరువు కలిపి నింపాడు. పొద్దుటెండ మాత్రమే తగిలేలా తూర్పు వసారాలో వేలాడదీశాడు. మట్టిలో వేలుపెట్టి, పొడిగా తగిలితేనే నీళ్లు పోసేవాడు. రోజూ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవాడు. ఆ చేత్తోనే కాసేపటికి, కూరలో ఉప్పు తక్కువైందని అమ్మ చెంప పగలగొట్టేవాడు. ఆ మొక్కను చూస్తే నాకు కుళ్లుగా ఉండేది.

నాలుగేళ్లలో డబ్బా చుట్టూ ఆకులు గుబురుగా కిందికి వేలాడాయి. దానికి పువ్వు పూస్తుందని మాలో ఎవరికీ తెలియదు. నాన్న చెప్పలేదు. పువ్వు కోసం మొక్క పెంచుతున్నానని చెప్పుకోవడానికి అంతటి మగాడికి సిగ్గు. బాబాయి మాత్రం దాన్ని చూసినప్పుడల్లా నవ్వేవాడు.

"అన్నా, ఈ ఆకులు మేకకేస్తే మేకన్నా బలుస్తది. నువ్వు వెయ్యకపోతే నేనే వేస్తా చూడు."

ఆ మాఘమాసంలో నాన్న నన్ను మొదటిసారి పొగాకు చేలోకి తల తుంచడానికి తీసుకెళ్లాడు. నాకు పదేళ్లు. పొగాకు మొక్క మొగ్గ తొడగగానే ఆ తల తుంచెయ్యాలి. లేకపోతే బలమంతా పువ్వుకు పోయి ఆకు పలచబడుతుంది. నాన్న బొటనవేలి గోరుతో ఒకటి తుంచి చూపించాడు.

"మొగ్గ కనపడితే జాలిపడబాక. గిల్లెయ్. అప్పుడే ఆకు బరువెక్కుద్ది."

పొద్దు వాలేదాకా గిల్లాను. వేళ్లు జిగురుతో నల్లబడ్డాయి. నాన్న నేను తుంచిన సాళ్లన్నీ తిరిగి చూసి, "దీని చెయ్యి మంచిదే" అన్నాడు. ఆయన నోటినుంచి నేను విన్న మొదటి మంచిమాట అదే. నాన్నకంటే ముందే ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను.

వచ్చేసరికి వసారాలో జెముడు ఆకుల గంట్లలోంచి ఎర్రటి మొగ్గలు వేలాడుతున్నాయి. ఏడు. పొద్దున అటు చూడనే లేదు నేను. కుళ్లుతో తుంచలేదు, ఒట్టు. మెప్పు కోసం తుంచాను. నాన్న ఆకులు ఇంకా బరువెక్కుతాయని, ఏడింటినీ గోరుతో శుభ్రంగా గిల్లాను. గుప్పిట్లో పట్టుకుని, నాన్న రాగానే చూపిద్దామని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

నాన్న వచ్చాడు. డబ్బా వైపు చూశాడు. ఆయన నోట్లోంచి వచ్చిన అరుపుకు గొడ్లు పలుపులు తెంపుకోబోయాయి. నేను వెనక్కి జరిగి మొగ్గల్ని కుడితి తొట్లో పడేశాను. గేదె మూతి పెట్టింది.

"నాలుగేళ్లురా! నాలుగేళ్లు చూశాను ఆ పువ్వు కోసం! ఎవడ్రా తుంచింది?"

అప్పుడే కాళ్లు కడుక్కుంటున్న బాబాయి నవ్వాడు. "పోతే పోయిందిలే అన్నా, దరిద్రం" అన్నాడు. పొగాకు కట్టే కర్ర నాన్న చేతికి ఎలా వచ్చిందో తెలియదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది.

"నేను కాదన్నా! అమ్మతోడు, నేను కాదు!"

"నువ్వు కాకపోతే ఎవడు? మేకకేస్తానన్నది నువ్వు కాదా?"

నాయనమ్మ అడ్డం పడింది. "ఎవరన్నా చూశారేందిరా, ఊరికే చంపుతున్నావు?"

నాన్న నావైపు తిరిగాడు. "నువ్వు చూశావా? వీడేనా?"

ఆ కర్ర నాకు మూరెడు దూరంలో ఉంది. తల ఊపాను. అవునని ఊపాను. బాబాయి నావైపు చూస్తుండగానే ఎడమ చెవి మీద దెబ్బ పడింది. చెవిలోంచి రక్తం మెడ మీదికి కారింది. ఆయన లేచి నాన్న గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ వసారా గుంజకు గుద్దుకుని డబ్బా మీద పడ్డారు. డబ్బా నుజ్జయింది. పక్కింటివాళ్లు వచ్చి విడదీసేసరికి నాన్న పెదవి చీలింది, బాబాయి ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడు.

బాబాయి విరిగిన ఆకు ఒకటి ఏరుకున్నాడు. "ఈ పువ్వేందో నేను చూస్తాను. నువ్వు మాత్రం చావనైనా చస్తావు గానీ చూడవు" అని నాన్న మొహం మీదే చెప్పి, వీధిలోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఇంటికి రాలేదు. మిగిలిన మొక్కను నాన్న ఈడ్చుకెళ్లి పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ పొయ్యిలో వేశాడు. పచ్చిది కదా, మండలేదు. బుసబుసమని ఉడికింది.

ఆ తర్వాత నాకు చెయ్యాల్సిన పని ఒక్కటే మిగిలింది, నిజం చెప్పడం. నోరు తెరిచినప్పుడల్లా ఆ కర్ర కనిపించేది. ఎనిమిదేళ్లు గడిచాయి. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకునేరు, లేదు. తిన్నాను, పెరిగాను, పెళ్లి కుదిరింది.

శుభలేఖ ఇవ్వడానికి నాయనమ్మా నేనూ చీరాల వెళ్లాం. ఈసారి చెప్పి తీరాలని దారిపొడుగునా పళ్లు బిగపట్టుకున్నాను. బాబాయి అక్కడే పెళ్లి చేసుకుని, పొగాకు బేళ్లు మోస్తూ చిన్న పెంకుటింట్లో ఉంటున్నాడు. గోడ పొడుగునా ఆరు డబ్బాల్లో అవే జెముడు మొక్కలు. పట్టపగలే ఎర్రగా పూసి ఉన్నాయి, ఒక్కోటి నా అరచేతికంటే పెద్దది. పిన్ని ఆయనతో మాట్లాడాలంటే కుడిపక్కకు వచ్చి అరిచేది. ఎడమ చెవి పూర్తిగా పోయింది.

నాయనమ్మ, పిన్ని లోపలికి వెళ్లారు. బాబాయి ఒక ఆకు కోసి నాకిచ్చాడు. "మీ నాన్నకియ్యి. వారం ఆరనిచ్చి నాటమను. మొగ్గ తొడిగినాక డబ్బా అటూ ఇటూ కదపబాకమను, రాలిపోతయ్" అన్నాడు. గొంతులో పగ ఏమీ లేదు.

అప్పుడు నేను వెళ్లి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఎడమ పక్కన. ఆ పక్క చోటు చూసుకునే కూర్చున్నాను.

"ఆ మొగ్గలు తుంచింది నేనే బాబాయ్" అన్నాను, మామూలు గొంతుతో.

నా పెదవులు కదలడం చూశాడేమో, కుడి చెవి ఇటు తిప్పి దగ్గరికి వంగాడు.

"ఏందమ్మా?"

"మంచినీళ్లు కావాలన్నాను" అని అరిచాను.

లేచి లోపలికి వెళ్లి, చెంబు తోమి, కుండలోని చల్లటి నీళ్లు ముంచి తెచ్చాడు. నేను తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.