మాస్టారి దినేరో, మా అమ్మ చింతపండు

నా చిన్నప్పుడు మేము దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఉండేవాళ్ళం. ఆ బిల్డింగులో తెలుగు మాట్లాడేవాళ్ళు మేము కాక పక్కింటి మాస్టారొక్కరే. కాకినాడ వైపు మనిషి, స్కూల్లో చరిత్ర చెప్పేవారు. నాన్న డ్యూటీకి వెళ్ళాక మా అమ్మకు పలకరింపంటూ ఉంటే అది ఆయనదే.

మాస్టారి దగ్గర పాత నాణేలుండేవి. వాటిలో ఆయనకు ప్రాణమైనది ఒక చిన్న దినేరో. ఎప్పుడో స్పెయిన్‌లో కాస్తీల్ అనే రాజ్యముండేదట, అక్కడి చిల్లర అది. రాగిలో కాస్త వెండి కలిపి, రేకుముక్కను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారట. ఒకవైపు కోట, ఇంకోవైపు సింహం. కొట్టినవాడి చెయ్యి జరిగిందేమో, సింహానికి తోక పడలేదు. చూడటానికి మసిబట్టిన గుండీలా ఉండేది.

ఇక్కడ సెలవుకు ఊరెళ్ళేవాళ్ళు పక్కింట్లో తాళంచెవి ఇచ్చి వెళ్తారు. ఆ ఏడు మాస్టారు మాకిచ్చి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చే ముందురోజు అమ్మ ఆ ఇల్లంతా ఊడ్చి తుడిచి, బల్ల మీదున్న ఆ నల్లటి దినేరోను చూసి జాలిపడింది. దేవుడి సామాను తోమినట్టే చింతపండూ ఉప్పూ వేసి బాగా రుద్దింది. పైకి తేలి ఉన్న పల్చటి వెండి పొర పోయి ఎర్రటి రాగి తేలింది. సింహం మొత్తానికే పోయింది.

మాస్టారు వచ్చి, నాణేన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు.

"తళతళ మెరుస్తదనుకున్న మాస్టారూ, ఇట్లయితదని నాకేమెరుక" అని అమ్మ ఏడ్చింది.

"పర్లేదమ్మా" అన్నారు గానీ ఆయన ముఖం వాడిపోయే ఉంది. ఆ తర్వాత అమ్మ ఆయనకు ఎదురుపడకుండా తప్పుకు తిరిగేది. ఉన్న ఒక్క తోడూ పోయిందని నాకు భయమేసింది.

వారం తిరక్కముందే ఆయన మా తలుపు తట్టారు. చేతిలో గుడ్డలో చుట్టిన వెండి కుందులు.

"ఇవి మా అమ్మవి. దీపావళికి వెలిగించాలి. నువ్వే తోమిపెట్టాలి తల్లీ."

అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు మాస్టారూ, నా చేతికియ్యకుండ్రి."

"నీ చేతికే ఇస్తాను" అని, కుందులు అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. అమ్మ వాటిని విభూతితో, పసిపిల్లకు నీళ్ళు పోసినంత మెల్లగా తోమింది. ఆ దీపావళికి మాస్టారు మా ఇంట్లోనే భోంచేశారు.

ఇప్పుడు నేను ఇదే దోహాలో, ఐన్ ఖాలిద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్నామధ్య మా కోడలు నా పట్టుచీరను ఇస్త్రీపెట్టెతో కాల్చి, రెండు రోజులు తలెత్తలేదు. మూడోనాడు నా పెళ్ళిచీర తీసి ఆమెకే ఇచ్చాను, ఇస్త్రీ చెయ్యమని. ఆమె చేస్తున్నంతసేపూ నా గుండె దడదడలాడుతూనే ఉంది. ఆ రోజు మాస్టారికీ ఇలాగే ఉండి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.