నిండు బకెట్టు, ఖాళీ గడి

మా క్యాంటీన్‌లో టీ గ్లాసు ముప్పావు వంతే నింపుతారు. ఇదేమిటని అడిగితే, “నిండా పోత్తే ఒలికిపోద్ది సార్” అంటాడు టీ పోసే ఆయన, నా చేతుల వైపు చూస్తూ. దీని మీద నేను రెండుసార్లు వినతిపత్రం రాశాను. వాటిని కూడా ముప్పావు వంతే చదివినట్టున్నారు.

దువ్వాడ దాటాక ఉన్న ఒక స్టీలు యార్డులో నేను ట్రైనింగ్ ఆఫీసర్ని. క్రేను నేర్చుకోడానికి వచ్చినవాళ్ళకి తరగతి గదిలో నలభై రెండు స్లైడ్లు చూపించడం నా ఉద్యోగం. నాకు క్రేను నడపడం రాదు. ఆ సంగతి స్లైడ్లలో లేదు.

గత వర్షాకాలం ఒకమ్మాయి వచ్చింది. ఆనందపురం దగ్గర వంగతోటలు వేసే కుటుంబం. అప్పటిదాకా మా గేటు దగ్గర లారీలకు పాసులు రాసేది. మూడు నెలల్లో క్రేను పరీక్ష నెగ్గితే ఆపరేటరు, లేకపోతే మళ్ళీ పాసులే. రెండో అవకాశం లేదని ఉత్తర్వులోనే రాసి ఉంది. మా షెడ్డులో క్రేను ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమే కాబట్టి, ఆమె దిగిపోయే రోజు కోసం కొందరు సానుభూతితో ఎదురుచూస్తున్నారు.

ఆమెను పెందుర్తి నుంచి వచ్చే పెద్దాయనకి అప్పజెప్పాం. ముప్పై ఏళ్ళుగా ఇనుప నిచ్చెన ఎక్కి, షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను క్యాబిన్‌లో కూర్చుంటున్న మనిషి. మొదటిరోజు ఆయన పాఠం ఏమీ చెప్పలేదు. రంగు అయిపోయిన ఖాళీ బకెట్టు ఒకటి తెచ్చి, అంచుదాకా నీళ్ళు నింపి, క్రేను కొక్కేనికి తగిలించాడు. “ఈ సివర నుంచి ఆ సివరకి అట్టుకెల్లమ్మా” అన్నాడు. అంతే.

బకెట్టు గుడిగంటలా ఊగింది. షెడ్డు పొడవునా నేల మీద తడి చార పడింది. కింద ఇనుప కట్టలకి గొలుసులు తగిలించే మనిషి ఒకడు పెద్దాయనతో, “బావా, ఏటిది, షెడ్డులో వంగనారు ఏత్తన్నారేటి?” అని అరిచాడు.

పైనుంచి ఆ అమ్మాయే బదులిచ్చింది. “ఏత్తన్నాం అన్నయ్యా! కాయ కాసినాక పుచ్చులేరి నీకే పంపుతాను!”

తర్వాత అతను బకెట్టు జోలికి రాలేదు.

పెద్దాయన రోజూ ఆ తడి చార వెంబడి, చేతులు వెనక్కి కట్టుకుని, నేల చూస్తూ నడిచేవాడు. ఎక్కడ ఎక్కువ ఒలికిందో అక్కడ ఆగి తలెత్తి పైకి చూసేవాడు. ఆమెకు అర్థమయ్యేది. నోరు విప్పింది ఒక్కసారే అనుకుంటాను. “ఊగినపుడు ఆపీకమ్మా. అది ఎటెల్తే దాని ఎనకాల నువ్వూ ఎల్లు. అదే తగ్గుద్ది.” ఇదే విషయం మీద నా దగ్గర పదకొండు స్లైడ్లున్నాయి. బాణం గుర్తులతో సహా.

నెల తిరిగేసరికి చార చుక్కలుగా తెగింది. రెండో నెలకి ఆ చుక్కలు లెక్కపెట్టడానికి వీలుగా వచ్చాయి.

పరీక్షకి వారం ముందు నేను ఫారం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. అందులో ఒక గడి: ‘మీరు ఏమి నేర్పారు?’ అది నింపి సంతకం పెట్టాలి.

“ఇంకా నేర్పనేదు బాబూ” అన్నాడు.

“దాదాపు మూడు నెలలుగా చేస్తున్నది ఏమిటి మరి?”

“సెప్పేను. సెప్పేనో నేదో నాకు ఎరుకే. నేర్పేనో నేదో ఆ అమ్మ ఒక్కర్తీ సేత్తే గానీ ఎలా తెలుత్తాది?”

ఫారం జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ మాట మాత్రం నాతో ఇంటికి వచ్చింది. మన ఇళ్ళల్లో ‘ఎవరు నేర్పారు నీకు?’ అన్నది ప్రశ్న కాదు, ఫిర్యాదు. పిల్లవాడు బూతు మాట్లాడితే అడుగుతాం. ఎక్కం తప్పు లేకుండా అప్పజెబితే అడగం, అది మనమే నేర్పామని తెలుసు కాబట్టి. ఇంత తేలిగ్గా దొరికే గొప్పని గడి రూపంలో ముందు పెట్టి, పెన్ను చేతికిస్తే, వద్దన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

పరీక్షరోజు పెద్దాఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. అమ్మాయి పైకి ఎక్కింది. పెద్దాయన లేడు. ఆమె క్యాబిన్ అద్దంలోంచి అటూ ఇటూ వెతుకుతోంది. నేను పరుగున క్యాంటీన్‌కి వెళితే అక్కడ కూర్చుని ఉన్నాడు. ముందు టీ గ్లాసు, నిండుగా.

“ఆ పిల్ల భయపడుతోంది. రండి” అన్నాను.

“నాను కనబడితే నా వైపు సూత్తాది. అప్పుడు కొక్కెం వైపు ఎవుడు సూత్తాడు?”

గ్లాసు ఎత్తాడు. కాస్త టీ బల్ల మీద ఒలికింది. నేను చూడనట్టు బయటికి వచ్చాను.

ఇనుప చువ్వల కట్ట లేచింది. సగం దూరంలో, ముగ్గురిలో ఒకాయన పరీక్ష కోసం ఉన్నట్టుండి ఆగమని చెయ్యి చూపించాడు. క్రేను ఆగింది, కట్ట ఆగలేదు. నా పదకొండు స్లైడ్లూ ఒక్కసారి గుర్తొచ్చాయి, ఒక్కటీ పనికిరాలేదు. ఆమె కంగారు పడలేదు. కట్ట ఎటు పోతే అటు క్రేనుని మెల్లగా జరిపింది. కట్ట ఇంకొక్కసారి ఊగి, అలిగి రాజీపడిన మనిషిలా నిలబడింది. దాన్ని దింపాల్సిన గీత మీదే దింపింది. ముగ్గురూ పాస్ అని రాసి, కారెక్కి వెళ్ళిపోయారు.

అప్పుడు ఆమె కిందికి దిగలేదు. నిండు బకెట్టు తగిలించమని కేకేసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసుకెళ్ళింది. పెద్దాయన ఎప్పుడు వచ్చాడో, చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తూ ఆ దారంతా నడిచాడు. ఎక్కడా ఆగలేదు. తలెత్తలేదు కూడా. చివరిదాకా వెళ్ళి, నా జేబు వైపు చెయ్యి చాపాడు.

‘మీరు ఏమి నేర్పారు?’ అన్న గడిలో ఒకే మాట రాశాడు: ‘నేర్చుకుంది’. సంతకం పెట్టి షిఫ్టుకి వెళ్ళిపోయాడు.

అమ్మాయి నిచ్చెన దిగి వచ్చి ఫారం అందుకుంది. ఆ మాట చదివి కళ్ళు తుడుచుకుని, మిగతాది కూడా చదవడం మొదలుపెట్టింది. ఆయన సంతకానికి పైన, ‘శిక్షకులు’ అన్నచోట, ముందే అచ్చువేసిన నా పేరుంది. అక్కడ వేలు పెట్టి నా ముఖంలోకి చూసింది. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

“సార్, మీరేటి నేర్పేరు?”