ఉగాదినాడు విత్తిన బఠానీలు

హైదరాబాదు ఎండలో, నీడన్నది లేని మిద్దె మీద, సరిగ్గా ఉగాదినాడు బఠానీలు విత్తిన మేధావి ఎవరని అడిగితే నేనే చెయ్యెత్తాలి. ఒక్కణ్ణే విత్తి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. రెండో తరగతి చదివే మా అమ్మాయి చేత కూడా విత్తించాను.

అవి ఉద్యమం రోజులు. ఏ వారం ఎన్ని బందులో తెలియదు. బడి లేక ఇంట్లో కూర్చున్న పిల్లకి చదివి వినిపిద్దామని దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కుప్పలోంచి ఒక బొమ్మల పుస్తకం ఏరి తెచ్చాను. ఎక్కడో చలిదేశంలో అచ్చయింది. అందులో టోపీ పెట్టుకున్న ఒక నాన్న, బుగ్గలు కందిన ఒక పాప ఉంటారు. మొదటి పేజీలో మంచు కరుగుతుంది. రెండో పేజీలో వసంతం వస్తుంది, ఇద్దరూ కలిసి బఠానీలు విత్తుతారు. బాగా ఎండ తగిలేచోట పెట్టాలని నాన్న చెబుతాడు. నాలుగు పేజీలు తిప్పేసరికి తీగ నిండా కాయలే.

నేను ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చదివాను. వసంతమంటే మనకు ఉగాది కదా, మంచిరోజు కూడా కలిసొచ్చిందనుకున్నాను. ఎండ తగిలేచోటంటే కొత్తపేటలో మేము అద్దెకున్న ఇంటి మిద్దెను మించింది లేదు. చివరి పేజీలో ‘మంచి చేతులకే మొక్కలు మొలుస్తాయి’ అని ఉంటే, ఆ వాక్యాన్ని గొంతులో కాస్త తేనె కలుపుకుని మరీ వినిపించాను.

ఇంటి ఓనరమ్మ కింది వాటాలో ఉండేది. ఆవిడది నల్గొండ వైపు పల్లె. గోదావరి జిల్లా అలవాటు కొద్దీ నేను ఆవిడను పిన్నిగారూ అనేవాణ్ణి, మా అమ్మాయి మామ్మగారూ అనేది. ఒకరోజు ఆవిడ వడియాలు పెట్టుకోవడానికి మిద్దెక్కి మా కుండీలు చూసింది.

“ఏంది సార్ గివి?”

“బఠానీలు విత్తామండి.”

“గీ ఎండలనా? మీ గింజలు మొలుస్తయా, ఏగుతయా?”

“పుస్తకంలో ఇలాగే ఉందండి, పిన్నిగారూ. పుస్తకం అబద్ధం చెబుతుందా?” అని బొమ్మ చూపించాను. పక్కనే నిలబడి మా అమ్మాయి ఈ మాట శ్రద్ధగా వింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. “గా నాయినకు జర్ర గూడ చెమట పడ్తలేదు సార్” అని వడియాల దగ్గరికి పోయింది.

పొద్దునా సాయంత్రం బకెట్లతో నీళ్లు పోశాం. ఒకరోజు ఆవిడ మెట్ల మీద ఎదురై, “మా నీళ్లు మీరు తీస్కపోయిన్రని మేం రోడ్ల మీద మొత్తుకుంటున్నం. మీరేమో ఏకంగా మిద్దె మీది ట్యాంకే ఖాళీ చేస్తున్నరు” అని నవ్వింది. నేనూ నవ్వాను. బకెట్టు మాత్రం దించలేదు.

పుస్తకంలో ఆకులు తిప్పినంత తేలిగ్గా కుండీలో ఆకు రాలేదు. ఎరువు తెచ్చుకున్న తెలివికి ఎంత ఎరువు వేస్తే మాత్రం ఏం లాభం? రెండు మొలకలు తలెత్తి, ఎక్కడికొచ్చామా అన్నట్టు చూసి, మర్నాటికి మాడిపోయాయి. పిల్ల మిద్దె ఎక్కడం మానేసింది. ఒకనాడు అన్నం కలుపుకుంటూ ఆగి, అరచేయి తిప్పి చూసుకుంది.

“నాన్నా, నావి మంచి చేతులు కాదా?”

తప్పు నాదే, కాలం కాని కాలంలో విత్తించానని చెప్పాను. పిల్ల నమ్మలేదు. పుస్తకం అబద్ధం చెప్పదన్నది నేనే కదా.

అప్పటిదాకా అడ్డొచ్చిన నా చదువు ఆ పూట అడ్డు రాలేదు. చేయి కడుక్కుని కిందికి వెళ్లాను. ఆవిడ అంతా విని, నన్ను ఒక్క మాట కూడా దెప్పకుండా, “వానలు పడనియ్యిన్రి. చిక్కుడు గింజలు నేనిస్త. గా పుస్తకం మాత్రం మీదికి తేకున్రి” అంది.

రెండు వానలు పడ్డాక ఆవిడ కొంగున కట్టుకొచ్చిన గింజల్ని పిల్ల దోసిట్లో పోసింది. వేలు ఎంత లోతు గుచ్చాలో తన చీర మడత మీద గుచ్చి చూపించింది. “పెట్టు బిడ్డ” అని రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

మొలకలొచ్చాయి. తీగకు తాడు కట్టాల్సి వస్తే ఆవిడ చెబుతుంటే పిల్ల కట్టింది. ఆకుల మీద పేనుబంక పడితే బూడిద చల్లమంది తప్ప తాను చల్లలేదు. అంతలో పెద్ద సమ్మె వచ్చింది, బడి రోజుల తరబడి మూతపడింది. ఎల్.బి.నగర్ చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి నిరసనగా వండి వడ్డించే రోజున ఆవిడా వెళ్లింది. నినాదాలిచ్చి బొంగురుపోయిన గొంతుతో, విస్తరాకులో పులిహోర పొట్లంతో తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా కింది నుంచే కేకేసింది.

“నీళ్లు పోసినవా బిడ్డ?”

“పోశాను మామ్మగారూ.”

బడి తెరిచేనాటికి తీగ నిండా ఊదారంగు పూత. చలి ముదిరాక కాయలు. మొదటి కోత పళ్లెంలో పెట్టుకుని ఓనరమ్మ దగ్గరికి పోయిన మా అమ్మాయి, “మీ చేతులు మంచివి కదా, అందుకే కాశాయి” అంది.

“నేనేడ ముట్టుకున్న? పెట్టినది నువ్వు, కట్టినది నువ్వు, నీళ్లు వోసినది నువ్వు. గా తీగనడుగు, నా చెయ్యి ఎట్లుంటదో దానికి ఎర్కనే లేదు.”

పిల్ల ఆలోచించింది. నేనూ ఆలోచించాను. వానలు మొదలైనప్పటి నుంచీ ఆవిడ చేతులు కొంగులోనే ఎందుకున్నాయో నాకు అప్పుడు గాని తెలియలేదు. పిల్ల తన అరచేతులు ఒకసారి చూసుకుని, పావడాకు తుడుచుకుని, కాయల ఈనెలు తీయడానికి ఆవిడ పక్కన చతికిలబడింది.

నేను పైకి వెళ్లి అలమారలోంచి ఆ బొమ్మల పుస్తకం తీశాను. చివరి పేజీ మీద తెల్ల కాగితం అంటించి, ‘చేతులన్నీ మంచివే. ఎప్పుడు విత్తాలో కింది వాటాలో అడగండి’ అని గుండ్రంగా రాశాను. అయినా కసి తీరలేదు. నీలం పెన్ను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా, ఏ పేజీనీ వదలకుండా, ఆ టోపీ నాన్న నుదుటి మీద చెమట చుక్కలు గీశాను.