కొప్పు పట్టే టోపీ

తడి ఆరీ ఆరని నూలుగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆన్చగానే ఒక వాసన లేస్తుంది. గంజిదీ కాదు, సబ్బుదీ కాదు. కాగిన నేల మీద తొలి చినుకు పడితే వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది. ఈ ఉదయం రాజమండ్రిలో మా వర్క్‌షాపులో కొత్త టోపీలు ఇస్త్రీ చేస్తుంటే ఆ వాసన గుప్పుమంది. "అదిగో, వచ్చింది చూడు!" అని ఎవరో వెనక నుంచి చప్పట్లు కొట్టినట్టు అనిపించి నిజంగానే తిరిగి చూశాను. ఎవరూ లేరు. కుట్టిన గుడ్డను చూసి అలా చప్పట్లు కొట్టే మనిషిని నేను జీవితంలో ఒక్కరినే చూశాను. మాణిక్యం గారు పోయి రెండు వేసవులు దాటాయి.

ఆవిడది కడియంలో కాలువ రోడ్డు పక్కన చిన్న టైలరింగ్ షాపు. పెళ్ళి జాకెట్లకు పెట్టింది పేరు. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఎందుకని కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళాను. ఉద్యోగం సంగతి తరవాత నేనే మరిచిపోయాను, అది వేరే విషయం. చుట్టరికం ఏమీ లేకపోయినా మా అమ్మ ఆవిణ్ణి వదినగారు అనేది కాబట్టి నాకు అత్తయ్యగారయ్యారు. యాభై దాటిన మనిషి, కాస్త భారీ మనిషి కూడా. అయినా సంతోషం వచ్చిందంటే కుర్చీలో నిలవలేరు. మిషను తొక్కుతున్నవారు తొక్కుతున్నట్టే లేచి, జాకెట్టు పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయేవారు. "ఇలా రండి బాబూ, ఈ చంక అతుకు చూడండి, ఎంత ముద్దొస్తోందో!" అని దారిన పోయే ఆటోను కూడా ఆపేవారు. పాపం ఆటో డ్రైవరు ఏం చూస్తాడు? బాగుందండి అని తలూపి వెళ్ళిపోయేవాడు.

మా అమ్మ నాగమణి నర్సరీలో కూలిపనికి వెళ్ళేది. కవర్లలో మట్టి నింపడం, తట్టకు ఎత్తిన మొక్కల్ని నెత్తిన పెట్టుకుని లారీ దాకా మోయడం ఆమె పని. నేను షాపులో చేరడానికి ముందటి రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, గులాబీ మొక్కల మధ్య పడిపోయింది. వడదెబ్బ. రాజమండ్రి ఆస్పత్రిలో పెట్టి, సెలైన్లు ఎక్కించి, గండం గడిచిందనుకున్నాం. పంపించేటప్పుడు డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడం కష్టం. ఎండలో తలా మెడా కప్పుకోకుండా తిరగకూడదు" అన్నారు. అమ్మ "ఆయ్, అలాగేనండి" అని ఆస్పత్రి మెట్లు దిగేలోపే ఆ మాట వదిలేసింది. తువ్వాలు చుట్టుకుంటే వంగినప్పుడల్లా జారుతుంది. గొడుగు పట్టుకుంటే చెయ్యి ఖాళీ ఉండదు. పని మానమంటే, "కూర్చుంటే నా కాళ్ళు పడిపోతాయే" అనేది. మళ్ళీ వేసవి మొదలైంది. మధ్యాహ్నం పూట నా ఫోను మోగితే చాలు, నర్సరీ నుంచేమోనని చేతిలో పని వదిలేసేదాన్ని.

ఒకరోజు అలాగే ఫోను మోగి, నేను ఉలిక్కిపడితే, మాణిక్యం గారు మిషను ఆపేసి ఏంటమ్మా ఆ కంగారు అని అడిగారు. అంతా చెప్పాను.

"టోపీ పెట్టుకోదా మీ అమ్మ?"

"ఒకటి కొనిచ్చానండి. మగాళ్ళ టోపీ నాకెందుకని మందారం కొమ్మకి తగిలించి వచ్చేసింది."

ఆవిడ నా మొహం వంక చూశారు. తరవాత గోడ వంక చూశారు. ఆ తరవాత ఒక్క చరుపు చరిచారు, బల్ల మీద కత్తెర ఎగిరిపడింది. "అయితే మనం కుడదాం! ఊళ్ళో నెత్తులన్నిటికీ సరిపోయేది కాదు, ముందు మీ అమ్మ నెత్తికి కుడదాం. రోహిణి వచ్చేలోగా అయిపోవాలి!" ఎదురుగా మగ్గం పని చేసిన పెళ్ళిజాకెట్టు ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టేశారు. "ఇది ఒక్కరోజు మురిపెం, తరవాత బీరువాలో పడుకుంటది. టోపీ అయితే రోజూ పెట్టుకునే గుడ్డ సునీతా! రోజూ!" అన్నారు. నాకు ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చింది. ఆ సాయంత్రమే బజారులో దొరికిన టోపీలన్నీ తెచ్చి, కుట్లు విప్పి, ముక్కలన్నీ నేల మీద పరిచి కూర్చున్నాం.

మొదటి టోపీ చూడముచ్చటగా వచ్చింది. లేత నీలం నూలుగుడ్డ, ముందు వైపు గట్టి అంచు. ఆ అంచును మాణిక్యం గారు చూరు అనేవారు, ఇంటి చూరులాగే నీడనిస్తుంది కదా అని. చూరు బిర్రుగా నిలవడానికి లోపల ప్లాస్టిక్ రేకు పెట్టాం. పైన నడినెత్తిన గుడ్డ చుట్టిన గుండీ. ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే అమ్మ అటూ ఇటూ తిప్పి, "బానే ఉంది గానీ, నా కొప్పు ఎక్కడ పెట్టుకోను?" అంది. నిజమే. టోపీ కొప్పు మీద కూర్చుని గాల్లో తేలుతోంది. కొప్పు కిందికి దించి తట్ట ఎత్తుకుంది. వెంటనే "అబ్బా!" అని దించేసింది. బరువుకు ఆ గుండీ మాడులోకి దిగింది. మర్నాడు ఆ సంగతి చెబితే మాణిక్యం గారు చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాను. చిన్నబుచ్చుకోవడమా! "ఓసి నాగమణీ, ఎంత మంచి మాట చెప్పావే!" అని అక్కడ లేని మా అమ్మకు దండం పెట్టి కత్తెర అందుకున్నారు.

రెండో టోపీకి గుండీ తీసేసి, అతుకులన్నీ నెత్తికి గుచ్చుకోకుండా అణచి కుట్టాం. వెనక వైపు కొప్పూ, కొప్పులోని పూలూ బయటికి వచ్చేలా కోసి, బిగించుకోవడానికి నాడా పెట్టాం. ఎలాస్టిక్ ఎందుకు వద్దన్నారో కూడా చెప్పాలి. "సబ్బునీళ్ళు తాగి తాగి ఎలాస్టిక్ వదులైపోద్ది. నాడా అయితే ఎవరి తల సైజు వాళ్ళ చేతిలోనే ఉంటది." టోపీని బకెట్లో నానబెట్టి, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు మెల్లగా ఉతికి ఆరేశాం. చెక్కుచెదరలేదు. ఇస్త్రీ చేస్తే కొత్తదానిలా వచ్చింది. అప్పుడే ఆ వాసనా, ఆ చప్పట్లూ. ఆవిడ ఆ టోపీ తనే పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం చేపల బజారుకు బయల్దేరారు, ఎండ తగులుతుందో లేదో చూడాలని. నేనూ వెంట వెళ్ళాను.

చేపలమ్మే ఆవిడ కత్తిపీట ఆపి, "ఏంటండోయ్ మాణిక్యం గారూ, క్రికెట్టు ఆడతాకెళ్తన్నారా?" అంది.

"ఆయ్, నువ్వు బాలు వెయ్యి, నేను కొడతాను!" అని ఈవిడ. బజారంతా నవ్వు. ఆ వారం, మాణిక్యం గారు కడియం మొత్తానికి టోపీ పెడుతున్నారని ఊళ్ళో ఒకటే వేళాకోళం. ఆవిడకు అదీ సంతోషమే. నర్సరీలో అమ్మతో పనిచేసే ఆడవాళ్ళకు కూడా తలా ఒకటి కుట్టి పంపించారు.

ఆదివారం దాటాక చూరు విరిగిన టోపీలన్నీ ఒక సంచిలో వెనక్కి వచ్చాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. రేకు ముక్కలై, గుడ్డను పొడుచుకుని బయటికి వచ్చింది. నేను గతుక్కుమన్నాను. సంచి తెచ్చిన అమ్మ మాత్రం చాలా మామూలుగా, "ఉతికామండి వదినగారూ. మీరే కదా ఉతుక్కోవచ్చన్నారు?" అంది.

"ఎలా ఉతికారమ్మా?"

"ఎలా ఉతుకుతాం? రేవులో బండకేసి."

మాణిక్యం గారు నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "ఈ కాలవ గట్టున పుట్టి, ఈ కాలవ గట్టున పెరిగి, బండ సంగతి మర్చిపోయానే! పట్నం దొరసానిలా బకెట్లో ముంచి సంబరపడ్డాను!" అన్నారు. మా వైపు గుడ్డ ఉతకడమంటే గుడ్డకు నాలుగు దెబ్బలు తగలాల్సిందే. దెబ్బ చప్పుడు వినపడకపోతే మురికి పోయినట్టు నమ్మకం కుదరదు. ఈ సంగతి మా ముగ్గురికీ పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసినదాన్ని తెలిసినట్టు వాడుకోవడమే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సంచీ నిండా రకరకాల చూరు ముక్కలు కుట్టుకొచ్చి నన్ను రేవుకు లాక్కెళ్ళారు. కాలరులో పెట్టే బక్రం, సంచి గుడ్డ, జీన్సు ముక్క, పాత చీర మడతలు. చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగి, ఒక్కో ముక్కనూ బండకేసి బాదడం! బక్రం బుడగలు లేచింది. సంచి గుడ్డ పీచు పీచయింది. జీన్సు ముక్క బాగానే నిలిచింది గానీ తడిస్తే ఇటుక బరువు. చివరికి, పాత నూలుచీరను పొరలు పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా వరసకుట్లు వేసిన ముక్క మాత్రం ఎన్ని దెబ్బలు కొట్టినా నవ్వుతూ లేచింది. నలిగింది, విదిలిస్తే నిలబడింది. "అదిగో!" అని ఆవిడ వేసిన కేకకు పక్కన గేదెను కడుగుతున్నాయన బెదిరిపోయాడు. నేనూ తడిసిపోయి, ఆ ముక్క పట్టుకుని నీళ్ళలోనే గెంతాను. అంతకుముందు నాకు కుట్టంటే కాలక్షేపం. ఆ పొద్దున్న కాలవలో అది నా పని అయింది.

ఇంక ఆగలేదు. మెడ మీద ఎండ పడకుండా వెనక ఒక రెక్క కుట్టాం. నీడకు వచ్చాక పైకి మడిచి గుండీ పెట్టుకోవచ్చు. ఉన్నట్టుండి గాలివాన వచ్చిన ఒక సాయంత్రం అమ్మనూ టోపీనీ కలిపి వానలో నిలబెట్టారు మాణిక్యం గారు. నీళ్ళు రెక్క మీద నుంచి జాకెట్టులోకి కారుతున్నాయని అమ్మ అరిచింది. రెక్క చివర కొంచెం బయటికి తిప్పి కుడితే నీళ్ళు వీపు దాటి పడ్డాయి. చలికాలం మంచులో అదే రెక్కను చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడి వేసుకోవచ్చని ఆవిడే కనిపెట్టి, ఆ మండుటెండల్లో చెవులు కట్టుకుని చూపించి, చెమటలు కక్కుతూ మురిసిపోయారు.

ఇంతా చేసి, టోపీ పెట్టుకోవడం అమ్మ చేతిలో పని. నేను బడలికగా ఉందని వంక పెట్టి మధ్యలో నర్సరీకి వెళ్ళి చూస్తే నెత్తిన టోపీ ఉండేది. నేను గేటు దాటగానే తీసేసేదని తోటి ఆడవాళ్ళు చెప్పారు. "నీ కోసం పెట్టుకుంటన్నాను కదే" అనేది అమ్మ అడిగితే. రోహిణి వచ్చేసింది. రోడ్డు మీద తారు కరుగుతోంది. నేను మాణిక్యం గారి దగ్గర కూర్చుని ఏడ్చేశాను. ఆ ఒక్కరోజే ఆవిడ ఏ హడావిడీ చెయ్యలేదు. నా చెయ్యి పట్టుకుని, "నీ కోసం పెట్టుకున్నంతకాలం అది నీ టోపీయే. ఆవిడది అవ్వనీ" అన్నారు.

ఆ కార్తె సగం గడిచాక, ఒక మధ్యాహ్నం, మామిడికాయ పప్పు పట్టుకుని ఆవిడ మా ఇంటికి వచ్చారు. అప్పుడే అమ్మ పని నుంచి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. కంచం ముందు కూర్చుంది. "రండి వదినగారూ, భోంచేద్దురు గాని" అని పప్పు కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుంటూ, లారీ ఆలస్యమైన కథ ఏదో మొదలుపెట్టింది. నెత్తిన టోపీ అలాగే ఉంది. కొప్పులో పొద్దుటి మల్లెలు వాడిపోయి వేలాడుతున్నాయి. "అమ్మా, టో..." అనబోయాను. మాణిక్యం గారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఇంత చిన్న గుండీ కాజా బాగా కుదిరితే వీధి వీధంతా పిలిచే మనిషి, గుసగుసగా అన్నారు: "చెప్పకు. చెయ్యి తల మీదకి వెళ్తోందా చూడు."

చూశాను. భోజనం అయ్యేదాకా అమ్మ చెయ్యి ఒక్కసారి కూడా టోపీని సర్దుకోలేదు, ఎత్తుకోలేదు, గోక్కోలేదు. కథ చెప్పింది, నవ్వింది, మజ్జిగ తాగింది. మాణిక్యం గారు అన్నం కలుపుతూ కలుపుతూ తల వంచుకున్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చప్పట్లు కొట్టలేదు. ఆ రోహిణి అమ్మను ఏమీ చెయ్యలేదు, ఆ తరవాతివీ చెయ్యలేదు.

ఇప్పుడు మా టోపీలు కడియం దాటి చాలా చోట్లకు వెళ్తున్నాయి. కొనేవాళ్ళు అద్దంలో చూసుకుని బాగుందండి అంటారు. నేను థాంక్సండి అంటాను గానీ ఆ మాట నా చెవికి ఎక్కదు. వాళ్ళు మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడేదాకా గుమ్మంలోనే ఉంటాను. ఎవరి చెయ్యి అయినా తల మీదకి వెళ్ళిందంటే పరిగెత్తుకెళ్ళి వెనక్కి పిలుస్తాను. "ఎక్కడ పట్టేస్తోందో చెప్పండి, విప్పి కుడతాను" అని ఆ టోపీ లాక్కుంటాను. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఏం ఫరవాలేదు, చూడనీ.