గాల్లో ఆగిన పదహారు పెట్టెలు

జనాన్ని జెయింట్ వీల్ మీద గాల్లో వదిలేసి, కింద తాపీగా నమాజు చేసుకున్నాడట. మా అన్నయ్య గురించి ఊళ్లో చెప్పుకునే మాట ఇది. పైన పిల్లలు ఏడుస్తున్నా తల ఎత్తలేదట. చెప్పేవాళ్లు ఫోన్ తీసి వీడియో కూడా చూపిస్తారు. పై పెట్టెలోంచి ఎవరో తీసింది, పన్నెండు సెకన్లు ఉంటుంది. రేకుల కప్పు అంచున ఒక మనిషి వీపు వంగుతుంది, లేస్తుంది, మళ్లీ వంగుతుంది.

ఆ వీపు మా అన్నయ్యదే.

ఆ పార్కులో అన్నయ్య ఐదేళ్లు జెయింట్ వీల్ నడిపాడు. అందరూ అతన్ని చక్రం అనేవారు. రోజూ గేటు తెరవకముందు ఖాళీ పెట్టెల్ని ఒక చుట్టు తిప్పి చూడటం పద్ధతి. అన్నయ్య మాత్రం బుల్లి రైలు డ్రైవరుకు మీట అప్పగించి తానే ఎక్కి కూర్చునేవాడు. నేను టికెట్లు ఇచ్చే గదిలోంచి నాకు కనిపించేవాడు. పైకి వెళ్లగానే రెండు చేతులూ చాపేవాడు. ఇరవై రెండేళ్ల మనిషి.

పార్కు మైకులో వచ్చే సినిమా పాటలన్నీ అతనికి నోటికి వచ్చు. మీట మీద చెయ్యి వేసి కూనిరాగం తీస్తుండేవాడు. మసీదు నుంచి నమాజుకు పిలిచే అజాన్ వినిపిస్తే ఆ చరణం అక్కడే ఆగిపోయేది.

"ఒరేయ్ చక్రం, పాటలూ కావాలి, ఆటలూ కావాలి, పైన స్వర్గం కూడా కావాలిట్రా నీకు?" అనేవాడు రైలు డ్రైవరు.

"ఇస్తానంటే వద్దంటానా బాబాయ్!"

మా మేనత్తకు ఈ ఉద్యోగం గిట్టేది కాదు. ఇంటికి వచ్చినప్పుడల్లా అదే గొడవ. "పొద్దస్తమానం ఆ కేకలూ కేరింతలూ ఏమిట్రా? నమాజు చదివే పిల్లాడు చేసే పనేనా అది?"

"గుండ్రంగా తిరగడం తప్పయితే ముందు భూమిని ఆపాలత్తా," అనేవాడు అన్నయ్య. అత్త నవ్వు ఆపుకుని నెత్తిన మొట్టేది.

పనిలో చేరిన రోజే అతను మేనేజరును ఒకటే అడిగాడు. సాయంత్రం నాలుగున్నరకు అసర్ నమాజు కోసం పన్నెండు నిమిషాలు. పొద్దు గుంకితే దాని వేళ దాటిపోతుంది. తక్కినవి ఇంటి దగ్గరో, భోజనం వేళలోనో అయిపోతాయి. మేనేజరు ఒప్పుకుంటూనే, "ఒక్క కంప్లయింటు వచ్చిందంటే ఆ పన్నెండు నిమిషాలూ మర్చిపో," అన్నాడు. అవి పోతే అన్నయ్య అక్కడ ఉండడు. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నాలుగూ ఇరవైకి నమాజుకు ముందు ఆఖరి ట్రిప్పు మొదలుపెట్టి, పెట్టెలన్నీ ఖాళీ అయ్యాకే చాప తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లేవాడు.

ఆ రోజు సెలవు. జనం విరగబడ్డారు. నాలుగు దాటాక పాప్‌కార్న్ అమ్మే అక్క నా గదిలోకి వచ్చింది.

"ఇన్నాళ్లుగా టికెట్లు చింపుతున్నావు, ఒక్కసారైనా ఎక్కావటే? లే, నేను కూర్చుంటాను."

ఎందుకు లేచానో తెలియదు. అన్నయ్య నన్ను వరుసలో చూసి పెట్టెలో కూర్చోబెట్టాడు. పెట్టె గడియ రెండుసార్లు లాగి చూశాడు.

"కళ్లు మూసుకోకు. మూసుకుంటే టికెట్ దండగ," అన్నాడు.

మూడో చుట్టులో నా పెట్టె పైకొసకు ఒక్క పెట్టె దూరంలో ఉండగా కరెంటు పోయింది. మైకు ఆగింది. ముందు అందరూ ఈలలు వేశారు, తర్వాత తిట్టారు. జనరేటర్ మోగలేదు. డీజిల్ పోయించలేదని మేనేజరే రైలు డ్రైవరుతో అన్నట్టు తర్వాత తెలిసింది.

మోటారు పక్కన, మోకాలి ఎత్తులో ఒక ఇనుప పిడి ఉంటుంది. కరెంటు లేకపోతే దాన్ని చేత్తో తిప్పి పెట్టెల్ని దించాలి. వరుసగా దించడానికి లేదు. ఒకవైపు ఖాళీ అయి ఇంకోవైపు జనం ఉంటే చక్రం బరువుకు జారిపోతుంది. ఒక పెట్టె దించాక దానికి సరిగ్గా ఎదురున్నది దించాలి. అంటే ప్రతిసారీ సగం చుట్టు, ఐదారు నిమిషాల పని. అన్నయ్య వంగి తిప్పేవాడు, లేచి ఊపిరి పీల్చుకునేవాడు, మళ్లీ వంగేవాడు. రైలు డ్రైవరు తలుపులు తీసి జనాన్ని దించేవాడు. రేకుల కప్పు అడ్డొచ్చి కింద పిడి నాకు కనబడలేదు. అన్నయ్య వీపు మాత్రం కనబడింది. నా ముందు పెట్టెలో ఉన్నతను ఫోన్ కిందికి వంచి వీడియో తీస్తున్నాడు.

మర్నాటికి ఆ వీడియో అందరి దగ్గరా ఉంది. మేనేజరు అన్నయ్యను పిలిచాడు.

"కంప్లయింట్లు వచ్చాయి. ఇక బ్రేకు లేదు. ఇష్టమైతే ఉండు."

"నేను పిడి తిప్పుతున్నాను సార్. మీరు చూశారు కదా."

"నేను చూస్తే ఏం లాభం? జనం చూసింది వేరే."

అన్నయ్య షెడ్డు తాళం చెవి బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు మోస్తున్నాడు. అక్కడ నమాజుకు అడ్డు లేదు. పాటలూ లేవు.

మసీదులో మాత్రం అతనికి గౌరవం పెరిగింది. ఒక పెద్దాయన కుర్రాళ్లను కూర్చోబెట్టి, "లోకమంతా వినోదంలో మునిగి ఉంటే ఈ బిడ్డ వేళ మరవలేదు, ఉద్యోగం పోయినా సరేననుకున్నాడు," అని చెప్పాడట.

"నేను ఆ రోజు నమాజు చదవలేదు తాతా," అన్నాడట అన్నయ్య.

"చూశారా, ఎంత వినయమో!" అన్నాడట ఆయన.

అన్నయ్య మళ్లీ చెప్పలేదు. అత్త కూడా గర్వంగానే ఉంది. నేను ఆ రోజు చక్రం మీద ఉన్నానని ఆవిడకు తెలియదు. చెప్పాలని రెండుసార్లు వంటింటి దాకా వెళ్లి నీళ్లు తాగి వచ్చేశాను.

ఆ రోజు నా పెట్టె పదిహేనోది. పైకి వెళ్లినప్పుడల్లా సూర్యుడు ఇంకాస్త కింద కనిపించేవాడు. పన్నెండో పెట్టె దిగేసరికి చెట్ల తలల దాకా దిగాడు. పద్నాలుగోది దిగేసరికి లేడు. నేను దిగినప్పుడు అన్నయ్య అరచేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఇంకా ఒక పెట్టె మిగిలి ఉంది. దూరంగా పొద్దు గుంకాక చదివే మగ్రిబ్ నమాజుకు అజాన్ మొదలైంది.

ఐదేళ్లలో మా అన్నయ్య వేళకు చదవని నమాజు ఆ రోజు అసర్ ఒక్కటే.